చేపల యాంటీబయాటిక్ మనుషులు వేసుకోవచ్చా? మందు పేరు ఒకటైతే సరిపోదు

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. అమెరికాలో ఎంఎస్ అయిపోయింది, ఓపీటీ (చదువయ్యాక కొన్నాళ్లు పనిచేసుకోవడానికిచ్చే అనుమతి) మీద ఉద్యోగం వెతుక్కుంటున్నారు, ఇన్సూరెన్స్ లేదు. గొంతు నొప్పి పట్టుకుంది. ఆక్వేరియం చేపల కోసమని ఆన్‌లైన్‌లో అమ్మే అమాక్సిసిలిన్ 500 క్యాప్సూల్‌ని, మీ రూమ్మేట్‌కి ఫార్మసీలో ఇచ్చిన క్యాప్సూల్‌ని పక్కపక్కన పెట్టి చూశారు. రంగు ఒకటే, పైన ఉన్న నంబరూ ఒకటే. మరి వేసుకుంటే తప్పేంటి? వచ్చే నెల అమ్మానాన్న వస్తున్నారు కాబట్టి, వాళ్ల కోసం కూడా ఒక డబ్బా కొని ఇంట్లో పెట్టుకోవచ్చా?

సూటిగా చెప్తాను. ఆ క్యాప్సూల్లో ఉన్న రసాయనం మనుషుల మందులో ఉన్నదే అయ్యుండొచ్చు. అయినా వేసుకోవద్దు, కొని పెట్టుకోవద్దు. ఆ డబ్బాలో ఏముందో, ఎంతుందో, ఎలా నిల్వ చేశారో పూచీ పడేవాళ్లు ఎవరూ లేరు. మీకున్న జబ్బుకి అసలు యాంటీబయాటిక్ కావాలో లేదో కూడా ఇంకా తేలలేదు. వీటన్నిటికంటే ముందు మీరు తెలుసుకోవాల్సిందొకటి ఉంది: అమెరికాలో మనుషుల అమాక్సిసిలిన్ చాలా చవక. మీ జేబుకి బరువయ్యేది డాక్టర్ ఫీజు, మందు కాదు. కాబట్టి వెతకాల్సింది చవకగా చూసే డాక్టర్ని. దాని గురించి కింద వివరంగా రాశాను.

నేను డాలస్ పక్కన ఒక ఫార్మసీలో ఫార్మసిస్టుని. ఇంట్లో ఆక్వేరియం కూడా ఉంది, చేపలు పెంచడం చిన్నప్పటి నుంచీ ఉన్న అలవాటు. అందుకే ఈ ప్రశ్న రెండు వైపుల నుంచీ నా దగ్గరికి వస్తుంటుంది. ముఖ్యంగా మన తెలుగు పిల్లలు కౌంటర్ దగ్గర ఎవరూ లేనప్పుడు వచ్చి, గొంతు తగ్గించి అడుగుతారు. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఇన్సూరెన్స్ లేకుండా ఈ దేశంలో జబ్బు పడితే ఎంత టెన్షనో నాకు తెలుసు.

ముందు నంబరు సంగతి. అమెరికాలో మనుషుల కోసం అమ్మే దాదాపు ప్రతి మాత్ర మీదా, క్యాప్సూల్ మీదా ఒక గుర్తు ఉండాలని రూలు. ఆ గుర్తు, రంగు, ఆకారం కలిపి చూస్తే ఏ కంపెనీది, ఏ మందు, ఎన్ని మిల్లీగ్రాములు అన్నది చెప్పేయొచ్చు. చేపల మందులు అమ్మే కొన్ని సంస్థలు మనుషుల జెనరిక్ క్యాప్సూల్స్‌నే పెద్దమొత్తంలో కొని, చేప బొమ్మ ఉన్న డబ్బాలో పోసి అమ్మేవి. కాబట్టి మీరు చూసింది అబద్ధమని అనను. అయితే ఆ నంబరు మీకు చెప్పేది ఒక్కటే, ఆ క్యాప్సూల్ ఏ ఫ్యాక్టరీ నుంచి బయల్దేరి ఉండొచ్చు అన్నది. అక్కడి నుంచి మీ ఇంటి దాకా ఎవరి గోడౌన్లలో, ఎంత ఎండలో ఉందో అది చెప్పదు. అసలు గడువు ఎప్పుడు, డబ్బా మార్చినప్పుడు కొత్త గడువు ఎవరు వేశారు అన్నది చెప్పదు. పైగా క్యాప్సూల్ తొడుగు మీద నాలుగు అక్షరాలు అచ్చు వేయడం ఏమంత కష్టం కాదు.

మా షెల్ఫ్‌లో ఉన్న డబ్బా సంగతి వేరు. దాని జెనరిక్ కంపెనీ ఎఫ్‌డీఏ (అమెరికా మందుల నియంత్రణ సంస్థ) అనుమతి తీసుకుని ఉంటుంది. ఆ అనుమతి కోసం తమ మందు అసలు బ్రాండు మందుతో సమానంగా ఒంటికి పడుతుందని చూపించి ఉంటుంది. అమాక్సిసిలిన్ క్యాప్సూల్లో లేబుల్ మీద రాసినదాంట్లో 90 నుంచి 120 శాతం మధ్యలో మందు ఉండాలని యూఎస్పీ, అంటే అమెరికాలో మందుల నాణ్యతకి కొలతలు పెట్టే సంస్థ, ప్రమాణం. తేడా వస్తే లాట్ నంబరుతో సహా రీకాల్ నోటీసు మాకు వస్తుంది, మేం షెల్ఫ్ నుంచి తీసేస్తాం, అవసరమైతే పేషెంట్లకి ఫోన్ చేస్తాం. చేపల డబ్బా మీద కూడా 'యూఎస్పీ గ్రేడ్' అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. అది అమ్మేవాడు తనంతట తను వేసుకున్న మాట. దాన్ని సరిచూసినవాళ్లు లేరు, తేడా వస్తే మీకు ఫోన్ చేసేవాళ్లూ లేరు.

ఇంకో విషయం చాలామందికి తెలియదు. ఆ డబ్బాలు చేపల మందుగా కూడా అనుమతి పొందినవి కావు. ఎఫ్‌డీఏ చేపలకి అనుమతించిన యాంటీబయాటిక్స్ కొద్దిగా ఉన్నాయి: ఫ్లోర్‌ఫెనికాల్, ఆక్సీటెట్రాసైక్లిన్, సల్ఫాడైమెథాక్సిన్-ఆర్మెటోప్రిమ్. అవి తినడానికి పెంచే క్యాట్‌ఫిష్, ట్రౌట్, సాల్మన్ లాంటివాటికి మేతలో కలిపి, పశువైద్యుడి ఆదేశం మీద వాడేవి. ఆక్వేరియంలో అందానికి పెంచుకునే చేపలకని ఆమోదం పొందిన అమాక్సిసిలిన్ గానీ, సెఫలెక్సిన్ గానీ, సిప్రోఫ్లాక్సాసిన్ గానీ లేవు. ఏళ్ల తరబడి పెట్ షాపుల్లో అవి దొరికాయంటే ఎవరూ గట్టిగా పట్టించుకోలేదు కాబట్టే. 2023 జూన్ 11 నుంచి, అప్పటిదాకా పశువులకి చీటీ లేకుండా అమ్మిన ముఖ్యమైన యాంటీబయాటిక్స్ అన్నిటికీ పశువైద్యుడి ప్రిస్క్రిప్షన్ తప్పనిసరి అయింది. అదే ఏడాది చివర్లో, చేపలకీ పక్షులకీ అని అనుమతి లేకుండా యాంటీబయాటిక్స్ అమ్ముతున్న కొన్ని సంస్థలకి ఎఫ్‌డీఏ హెచ్చరిక లేఖలు పంపింది. పేరున్న సంస్థలు కొన్ని ఆ సరుకు ఆపేశాయి. ఇంకా ఆన్‌లైన్‌లో దొరుకుతోందంటే, ఒకప్పటికంటే ఇప్పుడు ఇంకా ఎక్కువ అనుమానించాలి.

చేపల సంగతి కూడా కాస్త చెప్పనివ్వండి, ఎందుకంటే ఆ డబ్బా చేపకే సరిగ్గా పనికిరాదు. దాని మీద సాధారణంగా పది గ్యాలన్ల నీళ్లకి ఒక క్యాప్సూల్ విప్పి కలపమని ఉంటుంది. పది గ్యాలన్లంటే దాదాపు 38 లీటర్లు. మంచినీటి చేప నీళ్లు తాగదు, తాగినా చాలా కొద్దిగా. దాని ఒంట్లో ఉప్పు బయటి నీళ్లలో కంటే ఎక్కువ కాబట్టి నీరు మొప్పల గుండా తనంతట తనే లోపలికి వస్తుంది, చేప దాన్ని బయటికి పంపే పనిలో ఉంటుంది. అందువల్ల నీళ్లలో కలిపిన అమాక్సిసిలిన్ చేప రక్తంలోకి చేరేది స్వల్పం. పైగా ఆక్వేరియం చేపల్లో తరచుగా కనిపించే ఏరోమోనాస్ బ్యాక్టీరియా పుట్టుకతోనే అమాక్సిసిలిన్‌కి లొంగదు, సూడోమోనాస్ కూడా అంతే. తెల్ల చుక్కల జబ్బు అసలు బ్యాక్టీరియా వల్లే కాదు, అదొక పరాన్నజీవి. టెట్రాసైక్లిన్ రకం మందులు గట్టి నీళ్లలో ఉన్న కాల్షియం, మెగ్నీషియంతో కలిసిపోయి బలం పోగొట్టుకుంటాయి. ఇవి చాలవన్నట్టు, కొన్ని యాంటీబయాటిక్స్ ఫిల్టర్‌లో అమ్మోనియాని విరిచే మంచి బ్యాక్టీరియాని దెబ్బతీస్తాయి. రెండు రోజులకి నీళ్లలో అమ్మోనియా పెరిగి, జబ్బుతో పోవాల్సిన చేప కంటే ముందు ఆరోగ్యంగా ఉన్న చేపలు పోతాయి. రెక్కలు చిరిగినట్టు అవుతున్నాయని ఎవరైనా అడిగితే, మందు మాట ఎత్తకుండా ముందు నీళ్లు పరీక్ష చేయమంటాను. చాలాసార్లు నీళ్లు మార్చడంతోనే తేరుకుంటాయి.

మన ఊళ్ల వైపు కూడా ఈ పాఠం ఖరీదుగానే నేర్చుకున్నారు. భీమవరం, నెల్లూరు ప్రాంతాల రొయ్యలు ఎగుమతికి వెళ్లినప్పుడు నైట్రోఫ్యూరాన్, క్లోరాంఫెనికాల్ అవశేషాలు కనబడితే కంటైనర్లకి కంటైనర్లు వెనక్కి వచ్చాయి. చెరువుల్లో వాడకూడని యాంటీబయాటిక్స్ జాబితాలు, ల్యాబ్ పరీక్షలు అందుకే అంత కఠినంగా ఉంటాయి. నీళ్లలో పోసిన యాంటీబయాటిక్ అక్కడితో ఆగదు.

సరే, మనిషి దగ్గరికి వద్దాం. పోనీ, మీ డబ్బాలో ఉన్నది నూటికి నూరుపాళ్లు అసలైన అమాక్సిసిలినే అనుకుందాం. అప్పుడూ నా జవాబు మారదు.

మీకు గొంతు నొప్పి అన్నారు. పెద్దవాళ్లలో గొంతు నొప్పి వచ్చిన పదిమందిలో సుమారు ఒకరికే స్ట్రెప్ అనే బ్యాక్టీరియా కారణం. మిగతావాళ్లవి చాలావరకు వైరస్‌తో వచ్చినవే, యాంటీబయాటిక్ వేసినా వేయకపోయినా అంతే రోజుల్లో తగ్గుతాయి. పదిమందిలో ఆ ఒక్కరు మీరో కాదో గొంతులో దూదిపుల్ల తిప్పి చేసే పరీక్షతో నిమిషాల్లో తెలుస్తుంది. మీ వయసువాళ్లలో ఇంకో చిక్కు కూడా ఉంది. కాలేజీ పిల్లల్లో మోనో అనే వైరల్ జ్వరం ఎక్కువ, అదీ అచ్చం స్ట్రెప్ లాగే గొంతుని పట్టేస్తుంది. మోనో ఉన్నప్పుడు అమాక్సిసిలిన్ పడితే చాలామందికి ఒళ్లంతా ఎర్రగా దద్దుర్లు వస్తాయి. అలా వచ్చిన ఒక కుర్రాడు తనకి పెన్సిలిన్ ఎలర్జీ అని మా దగ్గర రికార్డులో రాయించుకోబోయాడు. అది ఎలర్జీ కాదు. కానీ రాయించుకుని ఉంటే, జీవితాంతం ఏ ఇన్ఫెక్షన్ వచ్చినా డాక్టర్లు మంచి మందుని పక్కనపెట్టి రెండో రకం మందు రాసేవాళ్లు.

పంటి నొప్పి అయితే ఈ చేపల డబ్బాకి అందరికంటే పెద్ద గిరాకీ. నాకు తెలిసిన ఒకాయన, మంచి చదువు చదివినవాడే, దవడ పన్ను నొప్పికి ఇంటర్నెట్‌లో చూసి ఇదే వేసుకున్నాడు. నొప్పి తగ్గింది, ఆయన సంతోషించాడు. కొన్నాళ్లకి అదే చోట మళ్లీ మొదలై, ఈసారి బుగ్గ వాచి నోరు తెరవడమే కష్టమైంది. పంటి లోపల చీము పట్టినప్పుడు మందు చుట్టుపక్కల వాపుని కాస్త అణచగలదు గానీ, చీముకి దారి చేయాలి, లేదా రూట్ కెనాల్ చేయాలి, లేదా పన్ను తీసేయాలి. అమెరికన్ డెంటల్ అసోసియేషన్ 2019లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా చాలావరకు పంటి నొప్పులకి యాంటీబయాటిక్ కాదు, పంటికి చికిత్స చేయండి అనే చెప్పాయి. ఆయనకి చివరికి ఎమర్జెన్సీ బిల్లు వచ్చింది. మొదట్లోనే డెంటల్ కాలేజీ క్లినిక్‌కి వెళ్లుంటే అందులో చిన్న భాగంతో అయిపోయేది.

ఇక అమ్మానాన్న కోసం డబ్బా కొని ఉంచడం. మీ ప్రశ్నలో నన్ను అన్నిటికంటే కంగారుపెట్టింది ఇదే. మన తల్లిదండ్రులు ఊరి నుంచి వచ్చేటప్పుడు జిప్ కవర్ నిండా స్ట్రిప్‌లు తెచ్చుకుంటారు. ఒకమ్మాయి వాళ్ల అత్తగారికి మూత్రంలో మంట అని, చేపల సల్ఫా మాత్రల డోసు అడగడానికి మా కౌంటర్‌కి వచ్చింది. అత్తగారు వాడే మందులేంటమ్మా అంటే ఆ కవర్ తీసి కౌంటర్ మీద పెట్టింది. ఒక స్ట్రిప్ టెల్మిసార్టాన్, బీపీకి. ఇంకోటి గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిపినది, షుగర్‌కి. ఆ చేపల డబ్బాలో ఉన్నది సల్ఫామెథాక్సజోల్-ట్రైమెథోప్రిమ్, మన దగ్గర సెప్ట్రాన్ అంటారే, అదే. అది టెల్మిసార్టాన్‌తో కలిస్తే పెద్ద వయసువాళ్లలో రక్తంలో పొటాషియం పెరిగి గుండె లయ తప్పొచ్చు. గ్లిమెపిరైడ్‌తో కలిస్తే షుగర్ బాగా పడిపోవచ్చు. ఈ రెండూ ఒకే మనిషిలో, అదీ రాత్రి నిద్రలో జరిగితే ఇంట్లోవాళ్లకి తెలియదు. ఆ అమ్మాయి ఆ పూటే ఆమెని అర్జెంట్ కేర్‌కి (అపాయింట్‌మెంట్ లేకుండా చూసే క్లినిక్‌కి) తీసుకెళ్లింది. అక్కడ మూత్రం పరీక్ష చేసి, ఆమె మందులన్నీ చూసుకుని వేరే మందు రాశారు.

మూత్రంలో మంటకి అమాక్సిసిలిన్ వేద్దామన్నా కుదరదు. దానికి ఎక్కువగా కారణమయ్యే ఈ-కోలై అనే బ్యాక్టీరియా చాలాచోట్ల అమాక్సిసిలిన్‌కి ఎప్పుడో అలవాటుపడిపోయింది. అందుకే కల్చర్ రిపోర్టు (ల్యాబ్‌లో క్రిమిని పెంచి చేసే పరీక్ష) లేకుండా దాన్ని మొదటి మందుగా వాడొద్దంటారు. చేపల పేరుతో అమ్మే సిప్రోఫ్లాక్సాసిన్ ఇంకా ప్రమాదం. ఆ మందు మీద ఎఫ్‌డీఏ వేయించిన, నల్ల గీతల పెట్టెలో ఉండే అన్నిటికంటే తీవ్రమైన హెచ్చరిక ఉంది: మడమ దగ్గరి స్నాయువు తెగిపోవచ్చు, అరవై దాటినవాళ్లకీ స్టెరాయిడ్ వాడేవాళ్లకీ ఆ ప్రమాదం మరీ ఎక్కువ. షుగర్ మాత్రలు వాడేవాళ్లకి దీనితో కూడా షుగర్ పడిపోతుంది. రక్తం పలచబడే వార్ఫరిన్ లాంటి మందు వాడేవాళ్లకి మెట్రోనిడజోల్ అనే ఇంకో యాంటీబయాటిక్ పడితే రక్తస్రావం దాకా పోవచ్చు. మేం ప్రిస్క్రిప్షన్ చేతికి రాగానే చూసేవి ఇవే. చేప బొమ్మ డబ్బా మీద వీటిలో ఒక్కటీ ఉండదు, ఎందుకంటే చేప షుగర్ మాత్ర వేసుకోదు.

చిన్నపిల్లలకి మాత్రం అసలు ఆలోచన కూడా చేయొద్దు. వాళ్ల డోసు కిలోల బరువుని బట్టి లెక్క. 500 క్యాప్సూల్ విప్పి పొడిని కంటితో సగం చేసి తేనెలో కలిపి పెట్టేవాళ్లు ఉన్నారు. ఆ సగం ఎంతో ఎవరికీ తెలియదు.

చేపలు పెంచేవాళ్లకి ప్రత్యేకంగా ఒకటి చెప్పాలి. చేతి మీద చిన్న గాయం ఉండగా ట్యాంకు కడిగితే, మైకోబాక్టీరియం మెరీనమ్ అనే సూక్ష్మజీవి చర్మంలోకి దిగొచ్చు. టీబీ క్రిమికి దగ్గరి చుట్టం అది. వారాల తర్వాత వేలి మీదో, మణికట్టు మీదో నొప్పి పెద్దగా లేని ఎర్రటి గడ్డ లేస్తుంది, మెల్లగా చేతి పైకి వరసగా పాకుతుంది. మా ఆక్వేరియం మిత్రుల్లో ఒకాయనకి ఇలాగే వచ్చింది, తన దగ్గరున్న చేపల అమాక్సిసిలిన్ వేసుకుంటూ కూర్చున్నాడు. ఆ క్రిమికి అమాక్సిసిలిన్ పనిచేయదు. దానికి వేరే మందులు, అవీ నెలల తరబడి వాడాలి. డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు కూడా 'నాకు ఆక్వేరియం ఉంది' అని ఆయన చెప్పబట్టే జబ్బు దొరికింది. ఆ క్రిమి మామూలు కల్చర్ కంటే చల్లగా, 30 డిగ్రీల దగ్గర బాగా పెరుగుతుంది. ల్యాబ్‌కి ముందే చెప్పకపోతే రిపోర్టులో ఏమీ లేదని వచ్చేస్తుంది. మీకు ట్యాంకు ఉంటే, చేతి మీద మానని పుండు ఉంటే, ఈ ఒక్క మాట డాక్టర్‌కి మర్చిపోకుండా చెప్పండి.

ఇప్పుడు డబ్బు సంగతి. ఇన్సూరెన్స్ లేకపోయినా డిస్కౌంట్ కూపన్‌తో మామూలు అమాక్సిసిలిన్ కోర్సు చాలా ఫార్మసీల్లో పది, పదిహేను డాలర్ల లోపే వస్తుంది. కొన్ని సూపర్‌మార్కెట్ చెయిన్ల ఫార్మసీలు కొన్ని రకాల యాంటీబయాటిక్స్ ప్రిస్క్రిప్షన్ ఉంటే ఉచితంగానే ఇచ్చేవి, మీ దగ్గర ఇంకా ఇస్తున్నారేమో కనుక్కోండి. చేపల డబ్బా దీనికంటే ఎక్కువే అవుతుంది. ఇక డాక్టర్. మీ పిన్‌కోడ్ దగ్గర 'కమ్యూనిటీ హెల్త్ సెంటర్' ఎక్కడుందో వెతకండి, ఫెడరల్ నిధులతో నడిచేవి. అక్కడ మీ ఆదాయాన్ని బట్టి ఫీజు తీసుకుంటారు. ఆదాయం లేనివాళ్లకి నామమాత్రమే, కట్టలేరని వెనక్కి పంపరు. 2025 దాకా వీసా ఏంటని చూసి కాదనేవాళ్లు కాదు, ఇప్పుడెలా ఉందో వెళ్లేముందు ఫోన్ చేసి కనుక్కోండి. వెళ్లేటప్పుడు 'స్లైడింగ్ ఫీ కావాలి' అని ముందే అడగండి, అడగకపోతే కొన్నిచోట్ల మామూలు బిల్లు వేసేస్తారు. యూనివర్సిటీ హెల్త్ సెంటర్‌లో చదువు అయ్యాక కూడా కొన్నాళ్లు చూస్తారేమో కనుక్కోండి. గొంతు నొప్పికైతే రిటైల్ క్లినిక్‌లో (ఫార్మసీల్లో, పెద్ద దుకాణాల్లో ఉండే చిన్న క్లినిక్) నర్స్ ప్రాక్టీషనర్, అంటే మందు రాయగలిగే నర్స్, చాలు, ఎమర్జెన్సీ రూమ్‌కి వెళ్లాల్సిన పనిలేదు. వెళ్లేముందు ఫోన్ చేసి 'క్యాష్ రేటు ఎంత' అని అడగడానికి మొహమాటపడకండి.

అమ్మానాన్నలకి డబ్బా బదులు ఇవి సిద్ధం చేయండి. విజిటర్ ఇన్సూరెన్స్, అందులో పాత జబ్బులు హఠాత్తుగా ముదిరితే ఎంత ఇస్తారో చదివి తీసుకోండి. వాళ్ల డాక్టర్‌తో మందులన్నీ జెనరిక్ పేర్లతో ఒక కాగితం మీద రాయించండి, మన బ్రాండు పేర్లు ఇక్కడెవరికీ తెలియవు. వాడుకునే మందులు సాధారణంగా 90 రోజులకి మించకుండా, అసలు స్ట్రిప్‌లతో, చీటీతో తెమ్మనండి. చాలామంది 'ఎందుకైనా మంచిది' అని అజిత్రోమైసిన్, అమాక్సిసిలిన్-క్లావులనేట్ స్ట్రిప్‌లు కూడా సూట్‌కేసులో పెట్టుకొస్తారు. అది చేపల డబ్బా కంటే నాణ్యమైన సరుకే కావచ్చు. కానీ జబ్బేంటో తేలకుండా వేసుకోవడం అన్న ఇబ్బంది దానిలోనూ అంతే ఉంది, మిగిలిపోయిన సగం స్ట్రిప్ అయితే కోర్సు కూడా పూర్తవదు.

ఈపాటికే రెండు మూడు క్యాప్సూల్స్ వేసుకుని ఉంటే భయపడకండి, దాచకండి. డాక్టర్‌కో, ఫార్మసిస్టుకో డబ్బా చూపించి చెప్పండి. ఎవరూ మిమ్మల్ని తప్పుపట్టరు, ఎవరికీ ఫిర్యాదు చేయరు. ఏం వేసుకున్నారో తెలిస్తే పరీక్ష ఫలితాన్ని సరిగ్గా అర్థం చేసుకోగలుగుతారు. సందేహం ఉంటే పాయిజన్ కంట్రోల్‌కి 1-800-222-1222కి ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు, ఉచితం. మొహం, పెదాలు వాచినా, ఊపిరి ఆడకపోయినా ఆలోచించకుండా 911. మందు ఆపేశాక వారాల తర్వాత కూడా నీళ్ల విరేచనాలు రోజుకి చాలాసార్లు అవుతుంటే అది సి-డిఫ్ (యాంటీబయాటిక్ వాడాక పేగుల్లో వచ్చే ఇన్ఫెక్షన్) కావచ్చు, విరేచనాలు ఆపే మాత్ర వేసుకోకుండా ముందు చూపించుకోండి.

కొన్న డబ్బా ఇంకా ఇంట్లోనే ఉంటే సింకులో పోయొద్దు, టాయిలెట్‌లో ఫ్లష్ చేయొద్దు. పెద్ద ఫార్మసీల్లో, కొన్ని పోలీస్ స్టేషన్లలో మందులు పడేసే డబ్బా ఉంటుంది, అందులో వేసేయండి. గొంతు నొప్పి మొదలై ఎన్ని రోజులైంది, జ్వరం ఉందా, దగ్గు ఉందా అన్నది కింద రాయండి. దగ్గు, ముక్కు కారడం ఉంటే వైరస్ వైపే మొగ్గు ఎక్కువ. దగ్గు లేకుండా జ్వరం, మెడ కింద గడ్డలు ఉంటే మాత్రం ఆలస్యం చేయకుండా స్ట్రెప్ పరీక్ష చేయించుకోండి.